ఇల్లు, విడి గ్యారేజీ: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో కంప్యూటర్ నమూనా నిర్మాణం

ఇంటినీ, అదే స్థలంలో దానికి ఆనుకోకుండా విడిగా నిలిచే గ్యారేజీనీ కట్టకముందే కొలతలతో సహా తెర మీద నిలబెట్టి చూసుకోవడానికి గృహ రూపకల్పన సాఫ్ట్‌వేర్లు వాడతారు. వీటిలో గోడ గీస్తే దాని పొడవు, మందం, ఎత్తు మూడూ నమోదవుతాయి. కిటికీ పెడితే గోడలో ఆ మేరకు సందు ఏర్పడుతుంది. గీసిన దాన్ని ప్లానుగా, పక్క నుంచి కనిపించే ఎలివేషన్‌గా, నిలువునా కోసిన సెక్షన్‌గా, చుట్టూ తిరిగి చూడగల త్రీడీ దృశ్యంగా వాడుకోవచ్చు. ఇల్లు ఒక్కటే గీస్తే పని చాలావరకు నాలుగు గోడల లోపలే ముగుస్తుంది. పక్కన విడి గ్యారేజీ చేరితే నేల మట్టం, రెండు కట్టడాల మధ్య దూరం, బండి తిరిగే దారి, వాన నీరు పోయే వాలు, ఒకదాని నీడ మరొకదాని మీద పడే తీరు అన్నీ లెక్కలోకి వస్తాయి. అందువల్ల విడి గ్యారేజీ ఉన్న నమూనాలో ముందుగా గీయవలసింది స్థలం. ఇల్లు ఆ తర్వాతి సంగతి.

ప్రాంతం, స్థలాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి పట్టణాలు. అనంతపురం వైపు నుంచి కృష్ణగిరి వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారి ఈ మూడింటినీ పలమనేరు మీదుగా కలుపుతుంది. సముద్ర మట్టానికి దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఇది. గుండ్లూ గుట్టలతో నిండిన నేల కావడంతో చాలా చోట్ల ఇంటి స్థలం ఒక మూల నుంచి ఇంకో మూలకు అడుగో రెండడుగులో వాలుతూ ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లోని చదును స్థలానికి పనికొచ్చే నమూనా ఇక్కడ పనికిరాకపోవడానికి మొదటి కారణం ఈ వాలే.

స్థలాల కొలతల్లో ఇక్కడ రెండు వాడుకలు కలిసి నడుస్తున్నాయి. పల్లెల్లో లెక్క సెంట్లలో ఉంటుంది. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, అంటే 48.4 చదరపు గజాలు. పట్టణ లేఅవుట్లలో, ముఖ్యంగా కర్ణాటక సరిహద్దును ఆనుకున్న కుప్పం వైపు, బెంగళూరు వాడుకలోని 30×40, 40×60 అడుగుల సైటు లెక్క వినిపిస్తుంది. 30×40 సైటు 1,200 చదరపు అడుగులు, అంటే సుమారు 2.75 సెంట్లు. ఇంత స్థలంలో విడి గ్యారేజీకి చోటుండదు. కారు పోర్టికో కిందో స్తంభాల మీద లేపిన ఇంటి కిందో ఉండాల్సిందే. 40×60 సైటు సుమారు 5.5 సెంట్లు. అందులో విడి గ్యారేజీ కష్టం మీద ఇముడుతుంది. పది సెంట్లున్న పట్టణ శివారు స్థలాల్లో, పల్లె ఇళ్లలో, తోటల్లో కట్టుకునే ఇళ్లలో అది సహజంగా అమరుతుంది.

విడి కట్టడాల సంప్రదాయం

ఇంటికి దూరంగా ఇంకో కట్టడం ఉండటం ఈ సీమకు కొత్త కాదు. గ్యారేజీకి ముందు ఆ చోట పశువుల కొట్టం ఉండేది. పుంగనూరు పేరుతో ప్రసిద్ధికెక్కిన పొట్టి ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. అలాంటి ఆవుకు పెద్ద కొట్టం అక్కరలేదు. అయినా పేడ, గంజళం, గడ్డివామి ఇంటికి దూరంగా ఉండాలి కనుక కొట్టం విడిగానే నిలిచేది. పట్టుచీరల నేతకు పేరున్న మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గానికి ప్రత్యేకంగా చోటు కేటాయించవలసి వచ్చేది. గుంత మగ్గానికి నేలలో గుంత కావాలి, పొడవుగా పడుగు సాగడానికి ఖాళీ కావాలి. టమాటా సాగు పెరిగాక పొలం ఇళ్ల దగ్గర ట్రాక్టరు, పికప్ బండి, టమాటా బాక్సులు, డ్రిప్పు సామాను పెట్టుకోవడానికి రేకుల షెడ్లు వచ్చాయి.

కాబట్టి ఈ ప్రాంతంలో గ్యారేజీ అంటే కారు ఒక్కదానికే అనుకుని గీస్తే కొలత తప్పుతుంది. మన దేశంలో చిన్న కార్లకు పన్ను రాయితీ నాలుగు మీటర్లలోపు పొడవుకు ముడిపడి ఉండటంతో చాలా కార్లు ఆ కొలతలోనే తయారవుతున్నాయి. అయితే ఇన్నోవా క్రిస్టా లాంటి పెద్ద బండి పొడవు 4.7 మీటర్లు దాటుతుంది. ట్రాక్టరుకు పొడవు కన్నా తలుపు ఎత్తు ముఖ్యం. నమూనా మొదలుపెట్టే ముందు అందులో ఏమేమి పెడతారో రాసుకుని, వాటి పొడవు, వెడల్పు, ఎత్తు కొలుచుకోవాలి.

కట్టుబడి పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. గోడకు రాయి, పైన రాతి బండలనో మట్టి మిద్దెనో వేసిన పాత ఇళ్లు, మంగళూరు పెంకుల ఇళ్లు, తర్వాత ఇటుక గోడ మీద కాంక్రీటు స్లాబు వేసిన మిద్దె ఇళ్లు ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. గ్రానైట్ విరివిగా దొరికే చోటు కావడంతో పునాదికి, మెట్లకు, కంచె కూసాలకు రాయి వాడటం మామూలే. ఒకే ఆవరణలో రాతి ఇల్లు, స్లాబు ఇల్లు, రేకుల షెడ్డు మూడూ ఉండటం కూడా వింత కాదు. పాత ఇంటిని అలాగే ఉంచి పక్కన గ్యారేజీ కట్టాలనుకునే వారు ముందు ఆ పాత ఇంటిని కొలిచి నమూనాలోకి ఎక్కించాలి. రాతి గోడల మందం అడుగున్నర దాకా ఉండవచ్చు. అది అన్ని చోట్లా ఒకేలా ఉండదు కనుక ప్రతి గది లోపలి కొలతను, బయటి కొలతను విడివిడిగా తీసుకోవాలి.

సాఫ్ట్‌వేర్ల చరిత్ర

కంప్యూటర్ తెర మీద గీత గీసి దాన్ని మార్చుకునే వీలు 1963లో ఇవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎమ్మైటీలో రూపొందించిన స్కెచ్‌ప్యాడ్‌తో మొదలైంది. 1982లో ఆటోడెస్క్ సంస్థ ఆటోక్యాడ్‌ను విడుదల చేయడంతో ఈ పని చిన్న కంప్యూటర్ల మీదికి వచ్చింది. హంగేరీలో పుట్టిన గ్రాఫీసాఫ్ట్ తెచ్చిన ఆర్కీక్యాడ్ గీతల స్థానంలో గోడ, తలుపు, కిటికీ అనే వస్తువులతోనే భవనాన్ని నిర్మించే దారి చూపింది. 2000లో వచ్చిన రెవిట్ అదే దారిలో పెరిగింది. 2002లో అది ఆటోడెస్క్ చేతికి వచ్చింది. 2000లోనే వచ్చిన స్కెచ్‌అప్ 2006లో గూగుల్‌కు, 2012లో ట్రింబుల్‌కు మారింది. గూగుల్ చేతిలో ఉన్న రోజుల్లో ఉచితంగా దొరకడం వల్ల అది విద్యార్థులకు బాగా దగ్గరైంది. ఇమ్మాన్యుయేల్ ప్యూబారే రూపొందించిన స్వీట్ హోమ్ 3డీ ఉచితం. మూల కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది. ఫ్రీక్యాడ్, బ్లెండర్ కూడా ఈ కోవలోవే.

ఈ ప్రాంత పల్లెలకు కంప్యూటర్ చేరిన కథలో కుప్పానికి ప్రత్యేక స్థానం ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ కార్యక్రమం మొదలుపెట్టి, పల్లె ప్రజల కోసం సమాచార కేంద్రాలు తెరిచింది. గ్రామీణులకు కంప్యూటర్ పరిచయం చేయడానికి దేశంలో జరిగిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. మదనపల్లెలో 1998లో ప్రారంభమైన మిట్స్, కుప్పం ఇంజనీరింగ్ కళాశాల లాంటివి స్థానికంగానే ఇంజనీరింగ్ చదువుకునే వీలు కల్పించాయి. ఆటోక్యాడ్ వచ్చినవారు ఊళ్లోనే దొరకడానికి ఇలాంటి కళాశాలలు, పట్టణాల్లోని శిక్షణ కేంద్రాలు తోడ్పడ్డాయి.

సాఫ్ట్‌వేర్ రకాలు, విడి కట్టడాన్ని చూసే తీరు

విడి గ్యారేజీ విషయంలో సాఫ్ట్‌వేర్లను మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటి తరగతి ఇంటివారు తామే వాడుకునేవి. స్వీట్ హోమ్ 3డీ, ప్లానర్ 5డీ, చీఫ్ ఆర్కిటెక్ట్ సంస్థ హోమ్ డిజైనర్ లాంటివి ఈ తరగతిలోకి వస్తాయి. గోడలు లాగడం, సామాను అమర్చడం వీటిలో సులువు. స్వీట్ హోమ్ 3డీలో అంతస్తులను ఎత్తు అంకెతో చేర్చుకోవచ్చు కాబట్టి ఇంటికి ఒక స్థాయి, గ్యారేజీకి వేరే ఎత్తులో ఇంకో స్థాయి పెట్టుకోవచ్చు. చదును మిద్దెకు ఇది సరిపోతుంది. వాలు కప్పు మాత్రం విడిగా సిద్ధం చేసి చేర్చుకోవాలి. హోమ్ డిజైనర్ లాంటివి గోడలు మూసుకోగానే కప్పును, పునాదిని తామే వేస్తాయి. సౌకర్యమే కానీ, రెండు కట్టడాలకు రెండు రకాల కప్పులు, రెండు బేస్‌మట్టాలు కావలసినప్పుడు ఆ యాంత్రిక సాయాన్ని ఆపి, ఒక్కో కట్టడానికి విడిగా ఆదేశాలివ్వాలి.

రెండో తరగతి రూపాన్ని స్వేచ్ఛగా మలచుకునేవి. స్కెచ్‌అప్, బ్లెండర్ ఇటువంటివి. స్కెచ్‌అప్‌లో ఇంటి మొత్తాన్ని ఒక గ్రూపుగా, గ్యారేజీని ఇంకో గ్రూపుగా కట్టేసుకోవాలి. అలా చేయకపోతే ఒకదాని అంచు జరిపినప్పుడు దానికి అంటుకున్న రెండోది కూడా సాగిపోతుంది. గ్రూపు చేశాక గ్యారేజీని మొత్తంగా ఒక అడుగు వెనక్కి జరపడం ఒక్క క్షణం పని.

మూడో తరగతి భవన సమాచార నమూనాలు. రెవిట్, ఆర్కీక్యాడ్ ఈ తరగతివి. ఇందులో రెండు కట్టడాలను రెండు ఫైళ్లుగా గీసి, స్థలం ఉన్న మూడో ఫైల్లో వాటిని జోడించే పద్ధతి ఉంది. పెద్ద ప్రాజెక్టులకు అది మంచిది. ఒక ఇల్లు, ఒక గ్యారేజీకి ఒకే ఫైలు చాలు. అందులో గ్యారేజీ నేలకు, గ్యారేజీ కప్పుకు వేరే మట్టాలు సృష్టించుకుని పేర్లు పెట్టుకుంటే గందరగోళం ఉండదు.

ముందే నింపి ఉండే విలువలు

ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు అమెరికా, ఐరోపా ఇళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. అమెరికా ఇల్లు చాలాసార్లు కట్టె చట్రం మీద నిలుస్తుంది. గోడ లోపల కట్టె నిలువులు, వాటి మధ్య ఉష్ణ నిరోధక పదార్థం, పైన వాలు కప్పు ఉంటాయి. ఆ అలవాటుతో రూపొందిన సాఫ్ట్‌వేర్ కొత్త గోడ గీయమంటే కట్టె గోడ గీస్తుంది, కప్పు వేయమంటే వాలు కప్పు వేస్తుంది. మదనపల్లెలో ఇల్లు గీసేవారు మొదటి గీతకు ముందే ఆ విలువలు మార్చుకోవాలి.

బయటి గోడకు తొమ్మిదంగుళాలు, లోపలి అడ్డుగోడకు నాలుగున్నర అంగుళాలు ఇటుక కట్టుబడిగా నమోదు చేయాలి. పూత మందం వేరుగా చేర్చాలి. గది ఎత్తు పదడుగులు, స్లాబు మందం ఐదంగుళాలు, పిట్టగోడ మూడడుగులు, కిటికీల మీద సన్‌షేడ్, మిద్దె మీదికి బయటి మెట్లు, నీళ్ల ట్యాంకు, నేలలో సంపు ఇవన్నీ ఇక్కడి ఇంటికి తప్పనిసరి భాగాలు. సంపు, ప్రహరీ, తులసి కోట, రాతి కూసాల కంచె, గ్రిల్ గేటు లాంటివి సాఫ్ట్‌వేర్ గ్రంథాలయంలో దొరకవు. ఒకసారి తయారుచేసి దాచుకుంటే తర్వాతి నమూనాలన్నిటికీ పనికొస్తాయి. గ్యారేజీ తలుపు విషయంలోనూ ఇంతే. గ్రంథాలయంలో పైకి మడిచి లేచే పలకల తలుపు ఉంటుంది. ఇక్కడ వాడేది రోలింగ్ షట్టరు లేదా రెండు రెక్కల ఇనుప తలుపు. షట్టరు చుట్టుకునే పెట్టెకు పైన అడుగుకు పైగా ఎత్తు పోతుంది. రెక్కల తలుపుకు ముందు ఖాళీ కావాలి. ఏ తలుపో ముందే తేల్చుకుని దాన్నే గీయాలి.

ఒక ఉదాహరణ: పది సెంట్ల స్థలం

సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చదరం సరిగ్గా పది సెంట్లు. అటువంటి 66×66 అడుగుల స్థలానికి తూర్పున రోడ్డు ఉందనుకుందాం. ఇల్లు బయటి కొలతల్లో ఉత్తర దక్షిణాలుగా 30 అడుగులు, తూర్పు పడమరలుగా 40 అడుగులు. దక్షిణపు ప్రహరీ నుంచి 8 అడుగులు, రోడ్డు వైపు 13 అడుగులు వదిలితే ఇంటి వెనుక 13 అడుగులు, ఉత్తరాన 28 అడుగులు మిగులుతాయి.

గ్యారేజీ లోపలి కొలత 10×20 అడుగులు. తొమ్మిదంగుళాల గోడలు కలుపుకుంటే బయటి కొలత 11.5×21.5 అడుగులు. దాన్ని వాయవ్య మూలలో, రెండు ప్రహరీల నుంచి నాలుగేసి అడుగులు వదిలి పెడితే ఇంటి ఉత్తరపు గోడకూ గ్యారేజీ దక్షిణపు గోడకూ మధ్య 12.5 అడుగుల ఖాళీ వస్తుంది. తూర్పు ప్రహరీలో గ్యారేజీకి ఎదురుగా గేటు పెడితే బండి తిరగాల్సిన అవసరం లేకుండా 40 అడుగుల దారి నేరుగా లోపలికి పోతుంది. చిన్న కారు పూర్తిగా తిరగడానికి కూడా దాదాపు ఐదు మీటర్ల వ్యాసార్థం కావాలి. గేటు పక్కకు పెట్టి బండిని ఇంటి మూల దగ్గర తిప్పాలంటే ఆ వంపును నమూనాలో గీసి చూడకుండా నిర్ణయించకూడదు.

నమూనాలో మొదట ప్రహరీ నాలుగు మూలలు, తర్వాత ఉత్తర దిక్కు, ఆ తర్వాత రెండు కట్టడాల బయటి గీతలు పెట్టాలి. స్థలం నిజంగా చదరమో కాదో కర్ణాలు కొలిస్తే తెలుస్తుంది. కాగితం మీద 66 అడుగులున్న పక్క నేల మీద 65 అడుగులే ఉండవచ్చు. మేస్త్రీ ముగ్గు పోసేటప్పుడు కూడా కర్ణమే మూల మట్టానికి ఆధారం. 30×40 ఇంటికి కర్ణం సరిగ్గా 50 అడుగులు రావాలి. ప్లాను కాగితం మీద ఈ కర్ణాల అంకెలు, రెండు కట్టడాల మధ్య దూరం తప్పకుండా అచ్చువేయాలి. మేస్త్రీకి రంగుల త్రీడీ బొమ్మ కన్నా ఆ అంకెలే ఎక్కువ పనికొస్తాయి.

మట్టాలు

విడి గ్యారేజీ నమూనాలో ఎక్కువ పొరపాట్లు జరిగేది మట్టాల దగ్గరే. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటి బేస్‌మట్టం చుట్టూ ఉన్న నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్లు, నేల మీది గ్యారేజీ బేస్‌మట్టం కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తుండాలి. గ్యారేజీ లోపలి ఎత్తు 2.4 మీటర్లకు తగ్గకూడదు. చదును నేల మీద ఈ లెక్కన రెండు బేస్‌మట్టాల మధ్య తేడా 30 సెంటీమీటర్లు, అంటే అర్ధడుగు ఎత్తున్న రెండు మెట్లు. కానీ గ్యారేజీ ఉన్న మూల నేల ఇంటి దగ్గరి నేల కన్నా ఒక అడుగు పల్లంగా ఉంటే తేడా 60 సెంటీమీటర్లకు పెరుగుతుంది. అప్పుడు నాలుగు మెట్లు కావాలి. చక్రాల కుర్చీలో ఉన్న పెద్దవారికోసం ఒకటికి పన్నెండు వాలుతో ర్యాంపు వేయాలంటే 7.2 మీటర్లు, అంటే దాదాపు 24 అడుగుల పొడవు కావాలి. మధ్యలో ఉన్నది 12.5 అడుగులే కనుక ర్యాంపును మలుపు తిప్పాలి. ఈ విషయం గోడలు లేచాక తెలిస్తే చేయగలిగింది తక్కువ. నమూనాలో తెలిస్తే గ్యారేజీని తూర్పుకు జరపడమో దాని బేస్‌మట్టం పెంచడమో చేయవచ్చు.

నేల మట్టాలు కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో ప్రహరీ మూలల్లో, ఇంటి మూలల్లో, గ్యారేజీ మూలల్లో, రోడ్డు మీద మట్టాలు చూసి రాసుకుంటే చాలు. రోడ్డు మట్టాన్ని సున్నాగా పెట్టుకుని మిగతావి దాని కన్నా ఎంత ఎత్తో ఎంత పల్లమో నమోదు చేయాలి. రోడ్లు కాలక్రమేణా పొర మీద పొర పడి లేస్తాయి కాబట్టి కొంత ఎత్తు అదనంగా ఉంచుకోవడం మంచిది. సాఫ్ట్‌వేర్‌లో ఈ అంకెలు ఇవ్వగానే వాలు నేల తయారవుతుంది. అయితే కట్టడం పెట్టగానే దాని కింద నేలను అది తానే చదును చేసే అవకాశం ఉంది. ఇల్లు, గ్యారేజీ రెండింటి కిందా ఒకే మట్టంలో చదును చేసిందేమో సెక్షన్ కోసి చూడాలి. రెండు కట్టడాల మీదుగా పోయే ఒకే ఒక్క సెక్షన్ ఈ మొత్తం నమూనాలో అత్యంత విలువైన బొమ్మ. ఇంటి నేల, ఆవరణ నేల, గ్యారేజీ నేల, దారి వాలు, కప్పుల ఎత్తులు అన్నీ అందులో ఒకేసారి కనిపిస్తాయి.

బండి గ్యారేజీలోకి ఎక్కే చిన్న ర్యాంపు కూడా ఇందులోనే తేలాలి. 15 సెంటీమీటర్ల ఎత్తుకు ఒకటికి ఎనిమిది వాలు పెడితే 1.2 మీటర్ల పొడవు సరిపోతుంది. తలుపు ముందు నేల బయటికి వాలి ఉండాలి. లోపలికి వాలితే మొదటి జడివానకే గ్యారేజీ మడుగవుతుంది.

కప్పులు, వాన నీరు

రెండు కట్టడాలకు ఒకే రకం కప్పు వేయాలన్న నియమం లేదు. ఇంటికి కాంక్రీటు స్లాబు, గ్యారేజీకి ఇనుప ట్రస్సుల మీద రేకులు వేయడం చవక. రేకులైతే వాలు దిశ ముఖ్యం. నీరు పక్కవారి స్థలంలో పడకూడదు, రెండు కట్టడాల మధ్య నడిచే దారిలో పడకూడదు. గ్యారేజీ మీద తర్వాత ఒక గది వేయాలనుకుంటే మొదటే స్తంభాలు, స్లాబు, మెట్ల చోటు నమూనాలో ఉండాలి. 11.5×21.5 అడుగుల గ్యారేజీకి ఐదంగుళాల స్లాబు వేస్తే సుమారు 2.9 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుందని నమూనా వెంటనే చెబుతుంది. కడ్డీల లెక్క, స్తంభాల బలం మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చవలసినవి. ఇంటి బొమ్మ అందంగా నిలబడినంత మాత్రాన ఇల్లు నిలబడుతుందని కాదు.

నీటి ఎద్దడి తెలిసిన ఈ ప్రాంతంలో కప్పు విస్తీర్ణానికి ఇంకో విలువ ఉంది. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే పది లీటర్లు. ఉదాహరణలోని ఇంటి కప్పు సుమారు 111 చదరపు మీటర్లు, గ్యారేజీ కప్పు 23. సెంటీమీటరు వానకు రెండూ కలిపి 1,300 లీటర్లకు పైగా నీరు దింపుతాయి. సంపు ఎక్కడ తవ్వాలి, రెండు కప్పుల గొట్టాలు ఎటు నుంచి వచ్చి కలవాలి, ఇంకుడు గుంత బండి బరువు పడని చోట ఉందా అన్నవి నమూనాలోనే తేల్చుకోవచ్చు.

ఎండ, నీడ

మదనపల్లె సుమారు 13.55 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కుప్పం 12.75 డిగ్రీల మీద ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఊరి స్థానం ఇవ్వకపోతే అది ఏ పడమటి దేశపు సూర్యుణ్ణో చూపిస్తుంది. మదనపల్లెలో డిసెంబరు 21 ప్రాంతంలో మిట్ట మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 53 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అప్పుడు నీడ పొడవు ఎత్తులో నాలుగింట మూడు వంతులు. పిట్టగోడతో కలిపి 15 అడుగులున్న ఇంటి నీడ ఉత్తరాన 11 అడుగుల మీద కొంచెం పడుతుంది. గ్యారేజీ 12.5 అడుగుల దూరంలో ఉంది కనుక ఆ వేళ దానికి అడ్డం రాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం కింద సౌర పలకలు పెట్టుకోవాలనుకునేవారికి ఈ లెక్క అవసరం. కిలోవాటుకు సుమారు పది చదరపు మీటర్ల కప్పు కావాలి కాబట్టి ఈ గ్యారేజీ మీద రెండు కిలోవాట్ల పలకలు పట్టవచ్చు. ఇంటి మీద రెండో అంతస్తు వేస్తే నీడ గ్యారేజీ మీదికి చేరవచ్చు. అప్పుడు పలకలు ఇంటి మీద పెట్టడం మేలు.

జూన్ నెలలో సంగతి వేరు. ఆ రోజుల్లో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా పది డిగ్రీల దాకా పోతాడు. ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ ఆగస్టు మూడో వారంలో సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. చలి దేశాల పాఠాల్లో ఎండ కాచేది దక్షిణపు గోడకే అని ఉంటుంది. ఇక్కడ ఉత్తరపు కిటికీలకు కూడా సన్‌షేడ్ కావాలి. ఇంటికి పడమట చెట్టో గ్యారేజీయో ఉంటే సాయంత్రపు ఎండ తగ్గుతుంది. గ్యారేజీని ఎక్కడ పెట్టాలో ఆలోచించేటప్పుడు దాన్ని ఎండకు అడ్డుగా వాడుకోవచ్చా అని చూడటం తెలివైన పని.

వాస్తు

ఈ ప్రాంతంలో ప్లాను గీసే ప్రతివారికీ వాస్తు ప్రశ్న ఎదురవుతుంది. ఈశాన్యం పల్లంగా, ఖాళీగా ఉండాలని, నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలని, బండి షెడ్డుకు వాయవ్యం లేదా ఆగ్నేయం మంచిదని, అది ప్రహరీకి గానీ ఇంటి గోడకు గానీ ఆనకూడదని ఎక్కువమంది పాటించే మాట. గీయడం మొదలుపెట్టే ముందే ఇంటివారు పాటించదలచిన నియమాలు అడిగి రాసుకుంటే ప్లాను మళ్లీ మళ్లీ మార్చనక్కరలేదు. దిక్సూచి చూపే ఉత్తరానికీ స్థలం పక్కల దిశకూ తేడా ఉంటే ఆ కోణాన్ని కూడా నమూనాలో నమోదు చేయాలి. ఎండ లెక్కకు, వాస్తు లెక్కకు రెండింటికీ అదే ఆధారం.

అనుమతులు

ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు 2017లో జీవో 119 ద్వారా వచ్చాయి, తర్వాత సవరణలు పొందాయి. చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, కట్టడం ఎత్తు బట్టి మారుతుంది. విడి గ్యారేజీ విషయంలో అసలు ప్రశ్న ఇదే: వెనుక, పక్కల వదిలిన ఖాళీలో దాన్ని కట్టనిస్తారా, దాని విస్తీర్ణం లెక్కలోకి వస్తుందా? జాతీయ భవన నియమావళి సొంత గ్యారేజీకి 3×6 మీటర్ల కొలత చెబుతూ, అది వీధి వైపు భవన రేఖకు వెనుకగా ఉండాలంటుంది. ఉదాహరణలో చూపిన నాలుగడుగుల ఖాళీలు కూడా స్థానిక పట్టికతో సరిచూసుకోవాల్సినవే. పట్టణాల్లో దరఖాస్తు లైసెన్సు పొందిన టెక్నికల్ పర్సన్, అంటే ఎల్‌టీపీ, ద్వారా ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో వెళుతుంది. పలమనేరు-కుప్పం-మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోని స్థలమైతే దాని నియమాలు కూడా చూడాలి.

ఆ వ్యవస్థకు కావలసింది త్రీడీ బొమ్మ కాదు. కంప్యూటర్ తానుగా చదివి తనిఖీ చేసేలా, ప్రహరీ గీత, కట్టడం గీత, రోడ్డు గీత వేర్వేరు పొరల్లో ఉన్న క్యాడ్ చిత్రం కావాలి. ఇంటివారు స్వీట్ హోమ్ 3డీలో గీసుకున్నది ఎల్‌టీపీకి తమ కోరిక స్పష్టంగా చెప్పడానికి పనికొస్తుంది. అనుమతి చిత్రం ఆయన మళ్లీ గీయాలి. రెండింటిలోనూ కొలతలు ఒకటే ఉన్నాయో లేదో చూసుకునే బాధ్యత ఇంటివారిది.

పరిమితులు, ఉపయోగం

నమూనా నేల గట్టిదనం చెప్పదు, గుండు ఎంత లోతున తగులుతుందో చెప్పదు, మేస్త్రీ పనితనం చెప్పదు. ఇక్కడి గుండ్ల నేలలో పునాది తవ్వకంలో బండ అడ్డం వస్తే గ్యారేజీని జరపవలసి రావచ్చు. అప్పుడు ఫైలు తెరిచి, గ్యారేజీని కొత్త చోట పెట్టి, దారి, నీడ, నీటి వాలు మళ్లీ చూసి, మేస్త్రీకి కొత్త అంకెలివ్వడం ఒక్క పూట పని. కాగితం ప్లానుతో పోలిస్తే కంప్యూటర్ నమూనా చేసే అసలు మేలు ఇదే.

ఈ పని నేర్చుకోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. మామూలు ల్యాప్‌టాప్, ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత టేపు, నీటి గొట్టం ఉంటే డిప్లొమా విద్యార్థి తన ఇంటినే గీసి నేర్చుకోవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలల్లో సివిల్ చదివే పిల్లలు కొట్టం, మగ్గం ఇల్లు, ట్రాక్టరు షెడ్డు లాంటి స్థానిక కట్టడాలను గీసి, రాతి కూసాలు, గ్రిల్ గేట్లు, సంపు మూతలు లాంటి వస్తువుల గ్రంథాలయాన్ని తెలుగు పేర్లతో తయారుచేస్తే ఈ సీమలో ఇల్లు గీసే ప్రతివారికీ అది పనిముట్టవుతుంది.

కట్టడం పూర్తయ్యాక నమూనాను పక్కన పడేయకూడదు. పని జరుగుతుండగా మారిన కొలతలన్నీ అందులో దిద్ది, గ్యారేజీకి నేలలో వేసిన కరెంటు తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో, కప్పు నీటి గొట్టం ఎంత లోతున ఉందో, సంపు మూత ప్రహరీ నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉందో రాసి దాచాలి. పదేళ్ల తర్వాత బండికి ఛార్జింగు పాయింటు పెట్టాలన్నా, గ్యారేజీ మీద గది లేపాలన్నా, ఇల్లు పిల్లలకు అప్పగించాలన్నా, నేల తవ్వి వెతుక్కోనక్కర లేకుండా చేసేది ఆ ఫైలే.